మిరప చేలో రావు పరీక్ష (లెక్కల భాషల కథ – 8)

చీరాల కుప్పడం చీర అంచులో పువ్వు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలంటే నేతగాడి చేతుల వైపు కాక మగ్గం నెత్తి మీదికి చూడాలి. జాండ్రపేటలో గానీ, వేటపాలెంలో గానీ, పేరాల వీధుల్లో గానీ జాకార్డు బిగించిన మగ్గం కనిపిస్తే, దాని మీద చిల్లులు కొట్టిన అట్టలు ఒకదానికొకటి కుట్టి వరసగా వేలాడుతుంటాయి. నేతగాడు తొక్కినప్పుడల్లా ఒక అట్ట ముందుకొస్తుంది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దాని తాలూకు హుక్కు లేస్తుంది, హుక్కుతో పాటు పడుగు పోగులు లేస్తాయి. చిల్లు లేనిచోట పోగు కదలదు. నాడె దాటిపోతుంది, పేక పడుతుంది. తర్వాత ఇంకో అట్ట.

ఆ అట్ట కొట్టకముందు గళ్ల కాగితం మీద బొమ్మ గీస్తారు. నిలువు వరస ఒక్కోటి ఒక హుక్కు, అడ్డ వరస ఒక్కోటి ఒక అట్ట. 120 హుక్కుల జాకార్డయితే అడ్డంగా 120 గళ్లు. రంగు నింపిన గడి దగ్గర చిల్లు, ఖాళీ గడి దగ్గర చిల్లు లేదు. గీసే మనిషికి చీర తెలుసు, అంచు ఎంత వెడల్పుండాలో తెలుసు, కొనేవాళ్ల కంటికి ఏది నచ్చుతుందో తెలుసు. సూదీ హుక్కూ లోపల ఎలా కదులుతాయో ఆ మనిషికి తెలియకపోయినా పని ఆగదు.

లియాన్ పట్టణంలో జోసెఫ్ మరీ జాకార్డు ఈ సాధనాన్ని 1804లో ప్రదర్శించారు. 1839లో ఆయన బొమ్మనే దాదాపు 24,000 అట్టలతో పట్టుగుడ్డ మీద నేశారు. ఇంగ్లండులో గణిత యంత్రం కోసం తంటాలు పడుతున్న చార్లెస్ బాబేజీ ఆ పట్టుబొమ్మ ఒకటి సంపాదించి ఇంట్లో పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. తర్వాతి మజిలీలు పాఠకులకు పాత భాగాల నుంచి గుర్తుండే ఉంటాయి: 1890 అమెరికా జనాభా లెక్కలకు హోలెరిత్ వాడిన చిల్లుల కార్డులు, 1928లో ఐబీఎం తెచ్చిన 80 నిలువు వరసల కార్డు. కంప్యూటరు చరిత్ర రాసేవాళ్లంతా ఈ చిల్లుల దగ్గర ఆగుతారు. ఈ భాగానికి మాత్రం గళ్ల కాగితమే ముఖ్యం. పని తెలిసిన మనిషి తనకు కావలసింది తానే రాసుకోగల రాత అది. శాస్త్రవేత్తలకు అలాంటి గళ్ల కాగితం దొరకడానికి ఎంతకాలం పట్టింది, దొరికిన దాన్ని ఎవరు తయారుచేశారు అన్నది ఈసారి కథ. ఆ కథ నడిబొడ్డున ఒక తెలుగువాడున్నారు.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న అప్పటి బళ్లారి జిల్లా హూవిన హడగలిలో పుట్టారు. పదిమంది పిల్లల్లో ఎనిమిదోవాడు కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రి ఉద్యోగం వెంట గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బళ్లలో చదివారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎమ్మే మొదటి తరగతిలో పాసయ్యాక, యుద్ధకాలంలో సైన్యానికి గణితం తెలిసినవాళ్లు కావాలంటే కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. దిగిన హోటల్లో పరిచయమైన మనిషి ఒకరు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి చెప్పారు. 1941 జనవరిలో రావు గారు అందులో చేరారు. ఉద్యోగం రాకపోవడం వల్ల గణాంకశాస్త్రానికి కలిగిన మేలు ఎంతో ఆ తర్వాతి ఎనభై ఏళ్లు చెప్పాయి.

ఆ సంస్థలో అప్పుడు లెక్క అంటే మనుషులు వరసగా కూర్చుని చేతిపిడి తిప్పే యంత్రాల మీద చేసే పని. సంస్థ పెట్టిన ప్రశాంత చంద్ర మహలనోబిస్‌కు ఒక పాత ఆసక్తి ఉంది: రెండు జనసమూహాల మధ్య శరీర కొలతల్లో తేడా ఎంత? తల పొడవు, తల వెడల్పు, ముక్కు పొడవు, ఎత్తు ఒక్కోదాన్నీ విడివిడిగా పోల్చితే చాలదు, ఎందుకంటే పొడుగు మనిషికి తల కూడా పెద్దదిగా ఉండే అవకాశం ఎక్కువ. ఒక కొలతలో కనిపించిన తేడా ఇంకో కొలతలో మళ్లీ కనిపిస్తుంది. ఆ పునరుక్తిని తీసేసి అసలు దూరం ఎంతో చెప్పే కొలమానాన్ని ఆయన రూపొందించారు. 1936లో దానికి స్థిరమైన రూపమొచ్చింది. గణాంకశాస్త్రజ్ఞులు డి-స్క్వేర్ అంటారు.

సూత్రం ఒక్క గీతలో రాయవచ్చు. లెక్క మాత్రం రోజులు తింటుంది. పది కొలతలు తీసుకున్నారనుకుందాం. ఒక్కో జతకూ సంబంధం లెక్కగడితే 45 జతలు. ఆ అంకెలన్నిటితో పది వరసల చదరం పేర్చి దాన్ని విలోమం చేయాలి. ఇరవై సమూహాలుంటే వాటి మధ్య 190 దూరాలు. ఎక్కడో ఒక అంకె తప్పితే తప్పు చివరిదాకా పాకుతుంది, ఎక్కడ తప్పిందో కనిపించదు. 1941లో ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో డి.ఎన్. మజుందార్ సేకరించిన శరీర కొలతలను మహలనోబిస్, మజుందార్, రావు ముగ్గురూ కలిసి విశ్లేషించి ప్రచురించేసరికి 1949 వచ్చింది.

మధ్యలో రావు గారికి కేంబ్రిడ్జి నుంచి పిలుపొచ్చింది. సూడాన్‌లోని జెబెల్ మోయాలో మొదటి ప్రపంచయుద్ధానికి ముందు తవ్విన సమాధుల్లోని ఎముకలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. వాటిని కొలిచి, ఆ ప్రాచీన జనం ఎవరికి దగ్గరివాళ్లో డి-స్క్వేర్‌తో తేల్చాలి. 1946లో వెళ్లారు. పగలు ఎముకలు, మిగిలిన సమయంలో రోనాల్డ్ ఫిషర్ దగ్గర ఎలుకల జన్యు ప్రయోగాలు. 1948లో ఫిషర్ పర్యవేక్షణలోనే పీహెచ్‌డీ వచ్చింది.

అదే 1948లో కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీ పత్రికలో ఆయన ఒక వ్యాసం వేశారు. దాని గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే చివరికి మిరప చేలోకి తీసుకెళ్లేది అదే.

ఒక ప్రశ్న మీద రెండు నమూనాలున్నాయనుకుందాం. చిన్నది: ఆకు మీద పురుగుల సంఖ్య మడి స్వభావాన్ని బట్టే మారుతుంది. పెద్దది: మడిని బట్టీ, కొట్టిన మందును బట్టీ మారుతుంది. మందుకు నిజంగా ప్రభావం ఉందా? అప్పటికి తెలిసిన పద్ధతుల్లో ఒకదానికి రెండు నమూనాలనూ పూర్తిగా లెక్కగట్టాలి, ఇంకోదానికి పెద్ద నమూనాను లెక్కగట్టాలి. రావు గారి పరీక్షకు చిన్న నమూనా ఒక్కటే చాలు. మందు పేరెత్తని ఆ లెక్క దగ్గర నిలబడి, మందును చేరిస్తే లెక్క ఎంత బలంగా అటు మొగ్గుతుందో కొలుస్తుంది. మొగ్గు బలంగా ఉంటే మందుకు ప్రభావం ఉన్నట్టు. పెద్ద నమూనాను కట్టే శ్రమ మిగిలిపోతుంది. చేతిపిడి యంత్రం తిప్పే కాలంలో ఆ మిగులు చిన్నది కాదు. దీన్ని స్కోర్ పరీక్ష అంటారు, రావు స్కోర్ పరీక్ష అనీ అంటారు. ఇరవై నాలుగో ఏట రాసి 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ప్రచురించిన వ్యాసంతో వచ్చిన క్రామెర్-రావు అసమానత ఎక్కువమందికి తెలుసు. పొలాల్లో, ఆసుపత్రుల్లో రోజూ పనికొచ్చేది మాత్రం ఈ 1948 నాటి పరీక్షే.

యంత్రాల సంగతి. 1953లో కలకత్తా సంస్థలో సమరేంద్ర కుమార్ మిత్రా పర్యవేక్షణలో ఒక అనలాగ్ కంప్యూటర్ తయారైంది. అది చేసే పని పది తెలియని రాశులున్న సమీకరణాలను సాధించడం. చదరం పేర్చి విలోమం చేసే ఆ పాత బాధ ఉన్నచోటే ఈ యంత్రం పుట్టిందన్నది గమనించాలి. తర్వాత ఇంగ్లండు నుంచి హెచ్‌ఈసీ-2ఎం అనే డిజిటల్ కంప్యూటరు తెప్పించి 1956లో నడిపించారు. దేశంలో మొదటిది అదే. డ్రమ్ము మీద జ్ఞాపకం, ఆజ్ఞలన్నీ అంకెల్లో. ఏ అంకె ఎక్కడ ఉంచాలో, అక్కడి నుంచి ఎప్పుడు తీయాలో, దేనికి కలపాలో అంతా మనిషే పూసగుచ్చినట్టు రాయాలి. పరిశోధకుడు తన సూత్రాన్ని పట్టుకెళ్లి ప్రోగ్రామరుకు ఇవ్వాలి, ప్రోగ్రామరు దాన్ని విడగొట్టాలి, ఇంకొకరు కొట్టాలి. ఎక్కడ తప్పినా ముగ్గురూ మళ్లీ కూర్చోవాలి. గీసే మనిషికి సూదీ హుక్కూ కూడా తెలిసి తీరాల్సిన మగ్గం అది.

అమెరికాలోనూ ఇదే బాధ. ఐబీఎంలో జాన్ బ్యాకస్ 1953 చివర్లో పైవాళ్లకు ఒక ఉత్తరం రాశారు: సూత్రాన్ని సూత్రంలాగే రాస్తే యంత్రమే దాన్ని తన ఆజ్ఞలుగా మార్చుకునే ఏర్పాటు కావాలని. ఆయన వాదనలో సౌకర్యం కంటే ఖర్చు ముఖ్యం. కంప్యూటరు కేంద్రం ఖర్చులో పెద్ద భాగం ప్రోగ్రాములు రాసేవాళ్ల జీతాలకూ తప్పులు వెతకడానికీ పోతోంది. మూడేళ్లకు పైగా పట్టింది. 1957 ఏప్రిల్‌లో ఐబీఎం 704 వాడేవాళ్ల చేతికి ఫోర్ట్రాన్ వచ్చింది.

ఆ బృందంలో డేవిడ్ సేర్ అనే స్ఫటిక శాస్త్రవేత్త ఉన్నారు. ఎక్స్‌రే చుక్కల నుంచి అణువుల అమరికను రాబట్టే పనిలో 1952 నాటి ఆయన సమీకరణం ఇప్పటికీ ఆయన పేరుతోనే చలామణీ అవుతోంది. ఫొరియర్ శ్రేణుల్ని వందల పదాలతో కూడటమంటే ఏమిటో ఒళ్లంతా తెలిసిన మనిషి కంపైలరు రాసే గదిలో కూర్చోవడం యాదృచ్ఛికం కాదు. ఫోర్ట్రాన్ మీద అప్పటి ప్రోగ్రామర్ల అనుమానం ఒక్కటే: యంత్రం రాసిన ఆజ్ఞలు మనిషి రాసినంత వేగంగా పరుగెత్తవు. బృందం శక్తిలో ఎక్కువ భాగం ఆ అనుమానం తీర్చడానికే పోయింది. ఒక లూపులో మళ్లీ మళ్లీ వచ్చే లెక్కను ఎలా తగ్గించాలి, రిజిస్టర్లను ఎలా పంచాలి అని తలలు బద్దలుకొట్టుకున్నారు. వేగం లేకపోతే భౌతికశాస్త్రజ్ఞుడు ఆ భాషను ముట్టుకోడని వాళ్లకు తెలుసు. అందుకే నేటికీ వాతావరణ అంచనాల పెద్ద ప్రోగ్రాముల్లో ఫోర్ట్రాన్ బతికే ఉంది.

ఫోర్ట్రాన్‌లో మామూలుగా ఒక్కో వాక్యానికి ఒక్కో కార్డు. మొదటి అయిదు నిలువు గళ్లు వాక్యం నంబరుకు, ఆరోది కొనసాగింపు గుర్తుకు, ఏడు నుంచి 72 దాకా అసలు వాక్యం. మిగిలిన ఎనిమిది గళ్లు కార్డుల కట్ట కిందపడి చెల్లాచెదురైతే మళ్లీ వరసలో పెట్టుకునే నంబర్లకు.

మన దేశంలో ఈ భాష శాస్త్రవేత్తల చేతికి విస్తారంగా చేరింది కాన్పూర్ ఐఐటీ దారిలో. 1963లో అక్కడికి ఐబీఎం 1620 వచ్చింది. వి. రాజారామన్ వంటి అధ్యాపకులు విద్యార్థులకే కాక దేశం నలుమూలల నుంచి వచ్చిన పరిశోధకులకు కూడా కొద్దిరోజుల శిక్షణ తరగతులు పెట్టారు. రాజారామన్ ఫోర్ట్రాన్ పాఠ్యపుస్తకం తక్కువ ధరకు దొరకడంతో కంప్యూటరును కళ్లారా చూడని కాలేజీల్లో కూడా దాన్ని చదువుకున్నారు. ఇంజనీరో, రసాయన శాస్త్రవేత్తో పది రోజుల్లో తన సమస్యను తానే రాసుకోగలిగాడు. మధ్యలో ప్రోగ్రామరు అక్కర్లేకపోయింది.

హైదరాబాదులో ఇంకో దారి నడిచింది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో 1967లో అణుశక్తి శాఖ సంస్థ ఈసీఐఎల్ మొదలైంది. అక్కడి నుంచి టీడీసీ-12 కంప్యూటరు వచ్చింది, 1970లలో టీడీసీ-312, 316 వచ్చాయి. అణుకేంద్రాల్లో పరికరం ఇప్పుడిచ్చిన సంకేతానికి ఇప్పుడే జవాబు చెప్పాలి కాబట్టి అక్కడి అవసరం వేరు, సాధనాలూ వేరు. అది విడిగా ఒక భాగం రాయదగ్గ కథ.

తిరిగి పొలానికి.

ఫోర్ట్రాన్ సూత్రాన్ని చదవగలదు, పొలాన్ని చదవలేదు. గుంటూరు పక్కన లాం ఫారంలో మిరప రకాల ప్రయోగం ఎలా వేస్తారో చూస్తే సంగతి అర్థమవుతుంది. ఎల్‌సీఏ-334 లాంటి రకాలు రైతు చేతికి రావడానికి ముందు ఎన్నో ఏళ్లు మడుల్లో పోటీ పడతాయి. నల్లరేగడి అంతా ఒకేలా ఉండదు. ఒక మూల నీరు నిలుస్తుంది, ఒక మూల చౌడు తగులుతుంది. అందుకని చేనును బ్లాకులుగా విడదీసి, ప్రతి బ్లాకులోనూ అన్ని రకాలనూ చీటీలు తీసి వేస్తారు. నీటి తడుల తేడా కూడా చూడాలంటే పెద్ద మడికి ఒక తడి పద్ధతి, దానిలోని చిన్న మడులకు వేర్వేరు రకాలు. బాపట్ల వ్యవసాయ కళాశాల విద్యార్థులు దీన్ని స్ప్లిట్ ప్లాట్ అంటారు. 1945లో పెట్టిన ఆ కళాశాల చీరాలకు పొరుగునే ఉంది. 2022లో జిల్లాలు మారాక చీరాల కూడా బాపట్ల జిల్లాలోకే వచ్చింది.

ఈ మడుల పద్ధతి ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పుట్టింది. 1919లో అక్కడ చేరిన ఫిషర్, గోధుమ దిగుబడుల పాత దస్తావేజుల మధ్య కూర్చుని, ఏ తేడా నేలది, ఏ తేడా ఎరువుది అని విడగొట్టే లెక్కను తయారుచేశారు. రావు గారికి గురువైన ఫిషరే ఈయన. 1954లో అదే కేంద్రానికి ఎలియట్ 401 కంప్యూటరు వచ్చింది. వచ్చాక అసలు చిక్కు బయటపడింది. ప్రతి ప్రయోగం పద్ధతి కొంచెం వేరు, ప్రతిదానికీ విడి ప్రోగ్రాము రాస్తూ పోతే అంతెక్కడ?

కావలసింది ప్రయోగాన్ని వర్ణించే భాష. 1965లో జాన్ నెల్డర్ ఏడాదిపాటు ఆస్ట్రేలియాలో అడిలైడ్ దగ్గరి వెయిట్ వ్యవసాయ సంస్థకు వెళ్లి గ్రాహం విల్కిన్సన్‌తో కలిసి పనిచేశారు. 1968లో ఆయన రోథమ్‌స్టెడ్ గణాంక విభాగానికి అధిపతి అయ్యారు. వాళ్ల ఆలోచనల నుంచి జెన్‌స్టాట్ అనే సాధనం వచ్చింది. 1973లో విల్కిన్సన్, రోజర్స్ రాసిన వ్యాసంలో ఆ భాషకు పొందికైన వ్యాకరణం కుదిరింది. రకం, ఎరువు రెండూ విడివిడిగా పనిచేస్తే మధ్యలో కూడిక గుర్తు. ఒకదాని ప్రభావం రెండోదాన్ని బట్టి మారితే గుణకారం గుర్తు. పెద్ద మడి లోపల చిన్న మడి ఉంటే ఏటవాలు గీత. పొలం గట్టు మీద నిలబడి ప్రయోగాన్ని నోటితో ఎలా చెబుతారో అలాగే రాయవచ్చు. చదరాలు పేర్చడం, విలోమాలు కట్టడం యంత్రం చూసుకుంటుంది. వ్యవసాయ శాస్త్రవేత్తకు దొరికిన గళ్ల కాగితం ఇదే. కంప్యూటరు భాషల చరిత్రల్లో దీనికి దక్కాల్సినంత చోటు దక్కలేదు.

1972లో నెల్డర్, రాబర్ట్ వెడ్డర్‌బర్న్ కలిసి ఇంకో పెద్ద పని చేశారు. దిగుబడి వంటి కొలతలకు పనికొచ్చే పాత లెక్క, పురుగుల సంఖ్యకూ, బతికిందా చచ్చిందా అన్న ప్రశ్నకూ సూటిగా పనికిరాదు. వీటన్నిటినీ ఒకే చట్రంలోకి తెచ్చారు. జనరలైజ్డ్ లీనియర్ మోడల్ అంటారు, పొట్టిగా జీఎల్‌ఎం. వెడ్డర్‌బర్న్ ఆ తర్వాత మూడేళ్లకే, ఇరవై ఎనిమిదో ఏట, కీటకం కుట్టి చనిపోయారు.

అమెరికాలో కూడా పొలమే తొందరపెట్టింది. ఉత్తర కరొలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ప్రయోగాల దత్తాంశం పేరుకుపోతుంటే 1966 నుంచి ఆంథొనీ బార్, తర్వాత జేమ్స్ గుడ్‌నైట్ తదితరులు కట్టిన సాధనమే శాస్, 1976లో అది కంపెనీ అయింది. మన దగ్గర ఢిల్లీలోని వ్యవసాయ గణాంక పరిశోధనా సంస్థ 1960ల మధ్యలో ఐబీఎం 1620ను, 1977లో బరోస్ యంత్రాన్ని పెట్టుకుంది. చాలా ఏళ్ల తర్వాత అదే సంస్థ ఒక జాతీయ ప్రాజెక్టు కింద వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు శాస్ అందేలా చేసింది. హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తయారైన ఓపీస్టాట్ మన ఎమ్మెస్సీ విద్యార్థులందరి నోటా నానే పేరే. అంకెలు అతికిస్తే పట్టిక వస్తుంది. థీసిస్ గడువు దగ్గరపడిన విద్యార్థికి అది పెద్ద ఆసరా. అయితే దానిలో ఉన్న పద్ధతులే చేయగలరు. సాధనం అడగని ప్రశ్న విద్యార్థి అడగలేడు.

ఆ గోడను బద్దలుకొట్టింది బెల్ ల్యాబ్స్‌లో మొదలైన ఎస్ భాష. 1976 మే 5న జాన్ చాంబర్స్, రిక్ బెకర్ తదితరులు కూర్చుని చర్చించారు. వాళ్ల దగ్గర గణాంకాలకు మంచి ఫోర్ట్రాన్ ప్రోగ్రాములు అప్పటికే ఉన్నాయి. కానీ దత్తాంశం చూస్తూ ఆలోచించే మనిషి ఒక గీత గీసి, అందులో ఏదో కనిపించి, వెంటనే ఇంకో లెక్క వేసి, మళ్లీ గీత గీసి ముందుకెళతాడు. ప్రతి అడుగుకూ ఫోర్ట్రాన్ రాస్తూ కూర్చుంటే మొదటి ఆలోచన మరుపున పడుతుంది. ఎస్ భాషలో టైపు చేయగానే జవాబు వచ్చేది, లోపల మాత్రం ఆ ఫోర్ట్రాన్ లెక్కలే. ముందు సాధనాన్ని వాడేవాడిగా మొదలై, అవసరం పెరిగేకొద్దీ తెలియకుండానే ప్రోగ్రాము రాసేవాడిగా మారాలన్నది చాంబర్స్ కోరిక. 1992లో ఎస్ భాష విల్కిన్సన్-రోజర్స్ వ్యాకరణాన్నీ నెల్డర్ చట్రాన్నీ లోపలికి తీసుకుంది. దిగుబడి, తర్వాత ఒక అల గీత, తర్వాత రకం, కూడిక గుర్తు, బ్లాకు: ఈ వాక్యం అప్పటి నుంచి ప్రపంచమంతటికీ తెలుసు. 1998లో ఈ పనికి చాంబర్స్‌కు కంప్యూటరు రంగంలోని పెద్ద సంఘం సాఫ్ట్‌వేర్ పురస్కారం ఇచ్చింది.

ఎస్ భాషకు డబ్బు కట్టాల్సి వచ్చేది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్‌కు తమ విద్యార్థుల గదిలోని మకింటోష్‌ల మీద పాఠం చెప్పడానికి మంచి సాధనం లేదు. 1990ల మొదట్లో ఎస్ లాంటిదే ఒకటి తామే రాసుకున్నారు. అదే ఆర్. 1993లో బయటి ప్రపంచానికి చెప్పారు. స్విట్జర్లాండ్ నుంచి మార్టిన్ మాఖ్లెర్ పట్టుబట్టడంతో 1995లో ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చని స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేశారు. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 వచ్చింది. ఫీజు కట్టలేని దేశాల విశ్వవిద్యాలయాలకు ఈ ఒక్క నిర్ణయం చేసిన మేలు లెక్కకు అందదు.

అదే కాలంలో ఇతర శాస్త్రాల్లోనూ, పైథాన్ భాష చుట్టూ, ఇదే తంతు. 2001లో ఫెర్నాండో పెరెజ్ భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థిగా ఉంటూ ఐపైథాన్ రాశారు. మూర్ఛరోగుల మెదడు సంకేతాలు గీసుకోవడానికి జాన్ హంటర్ మ్యాట్‌ప్లాట్‌లిబ్ రాశారు. వైద్య చిత్రాల మీద పనిచేసిన ట్రావిస్ ఒలిఫంట్ నమ్‌పై కట్టారు. ఎవరూ భాషలు తయారుచేద్దామని బయల్దేరినవాళ్లు కాదు. ఎదుట ఉన్న పని ఆగిపోయింది, అందుకు రాసుకున్నారు. ఆ పనిలో ఏళ్లు పోయాయి. వాళ్ల విశ్వవిద్యాలయాలు పరిశోధన వ్యాసాలను లెక్కబెట్టాయి గానీ సాధనాలను లెక్కబెట్టలేదు. శాస్త్రానికి సాధనం కట్టినవాడికి ఉద్యోగోన్నతిలో చోటు లేకపోవడం నేటికీ తీరని అన్యాయం, మన విశ్వవిద్యాలయాల్లో మరీను.

ఆర్ భాషను ఇన్‌స్టాల్ చేయగానే దానితో పాటే వచ్చే గణాంక ప్యాకేజీని తెరిస్తే కలకత్తా నేరుగా కనిపిస్తుంది. మహలనోబిస్ అన్న పేరుతోనే ఒక ఫంక్షను ఉంది. కొలతల పట్టిక, సగటు, సంబంధాల చదరం ఇస్తే డి-స్క్వేర్ క్షణంలో చెబుతుంది. ఎనిమిదేళ్లు పట్టిన ఆ పని మధ్యలో గదినిండా మనుషులు రోజులు వెచ్చించిన మెట్టు అది. ఎన్నో కొలతలను ఒకేసారి పోల్చే పరీక్షలో ఎంచుకోవడానికి ఇచ్చిన నాలుగింటిలో ఒకటి రాయ్. కలకత్తా సంస్థలోనే పనిచేసిన సమరేంద్రనాథ్ రాయ్ పేరు. ఇంకొకటి పిళ్లై, మరో భారతీయుడిది. నెల్డర్ జీఎల్‌ఎంతో కట్టిన రెండు నమూనాలను పోల్చే ఫంక్షనులో, ఏ పరీక్ష కావాలో చెప్పేచోట రాయదగిన పేర్లలో ఒకటి: రావ్.

గోధుమ మడుల దగ్గర పుట్టిన చట్రంలో, వాల్తేరులో చదివిన మనిషి 1948లో కనిపెట్టిన పరీక్ష ఒక మాటగా కూర్చుని ఉంది.

2021-22 సీజన్లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం మిరప చేలను నల్ల తామర పురుగు ముంచేసింది. పూలలోకి దూరి రసం పీల్చేసే ఈ చిన్న పురుగుకు అప్పటిదాకా వాడిన మందులు సరిగా పనిచేయలేదు. పూత రాలిపోయింది, చేలకు చేలే దున్నేసినవాళ్లున్నారు. ఏ మందు, ఏ జిగురు అట్ట, ఏ జీవ నియంత్రణ పనిచేస్తుందో తేల్చడానికి కీటక శాస్త్రవేత్తలు చేలల్లో పువ్వులు కోసి పురుగుల్ని లెక్కబెట్టారు. అలాంటి లెక్క ఎలా ఉంటుంది? ఒక పువ్వులో సున్నా, పక్క పువ్వులో రెండు, ఇంకో పువ్వులో ఇరవై. దిగుబడి లెక్కకు వాడే పాత పద్ధతి ఇక్కడ తడబడుతుంది. చాలాకాలం మన థీసిసుల్లో ప్రతి అంకెకూ వర్గమూలం తీసి, ఆ తర్వాత పాత పట్టికే వేసేవారు. చేత్తో లెక్కపెట్టే రోజుల్లో అదొక్కటే దారి. ఇప్పుడు అక్కర్లేదు. పురుగుల సంఖ్య, అల గీత, బ్లాకు, కూడిక గుర్తు, మందు అని రాసి, ఇవి లెక్కపెట్టిన సంఖ్యలని జీఎల్‌ఎంకు చెప్పి, మందు లేని నమూనాతో పోల్చమని, పరీక్ష పేరు దగ్గర రావ్ అని రాస్తే చాలు. ఆ మాట వెనకున్న మనిషి నూజివీడు, నందిగామ బళ్లలో చదువుకున్నవారని బాపట్ల తరగతి గదిలో ఎవరైనా చెబితే, ఆ విద్యార్థికి కంప్యూటరు తెర కొత్తగా కనిపిస్తుంది.

రాధాకృష్ణారావు 2023 ఆగస్టు 22న, నూటమూడో ఏడు నిండడానికి కొద్దిరోజుల ముందు, అమెరికాలో కన్నుమూశారు. ఆ ఏడే ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేర గణిత, గణాంక, కంప్యూటరు శాస్త్రాల సంస్థ పనిచేస్తోంది.

వచ్చే భాగంలో ఇంకో తెలుగువాడు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1960లలో స్టాన్‌ఫర్డ్ చేరిన దబ్బల రాజగోపాల్ రెడ్డికి మనిషి మాటను యంత్రానికి వినిపించాలనిపించింది. అప్పటికున్న ఏ భాషా ఆ పనికి సరిపోలేదు. ధ్వనికి ఒకరు, పదానికి ఒకరు, వాక్యానికి ఒకరు చొప్పున నిపుణులైన ప్రోగ్రాములన్నీ ఒకే నల్లబల్ల మీద తమ ఊహలు రాసి వాదించుకునే హియర్సే-2 ఎలా కట్టారో, సెయిల్ అనే భాష అందుకు ఎలా ఉపయోగపడిందో అప్పుడు చూద్దాం.